పంపకాలు లేని రోజున దొంగ దస్తావేజు

హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రంలో మందుల కిటికీ దగ్గర తరచూ వినిపించే ప్రశ్న ఒకటుంది. అడిగే మనిషి చేతిలో వైరల్ లోడ్ రిపోర్టు. అందులో ‘టార్గెట్ నాట్ డిటెక్టెడ్’ అని ఉంటుంది. “రక్తంలో ఏమీ లేదని రాశారుగా మేడమ్, ఇంక ఈ బిళ్ల ఎందుకు?” అవతలి నుంచి వచ్చే జవాబు కూడా ఏళ్ల తరబడి అదే. “రక్తంలో లేదండీ, ఒంట్లో ఉంది. మానేస్తే మళ్లీ లేస్తుంది.”

ఆ జవాబు నిజం. మందు మానేసినవాళ్లలో ఎక్కువమందికి కొద్ది వారాల్లోనే రక్తంలో వైరస్ మళ్లీ కనిపిస్తుంది. అయితే ‘ఒంట్లో’ అంటే ఎక్కడ? అన్నాళ్లూ ఏ మూల నక్కి ఉంది? ఈ ప్రశ్న వెంట పోతే ఒక చిత్రమైన చోటికి చేరతాం. ఎదగకుండా, రెండుగా చీలకుండా తన మానాన తాను పడి ఉన్న కణం లోపలికి. అలాంటి కణంలో హెచ్‌ఐవీ ఎలా అడుగుపెట్టగలిగిందో తేలడానికి శాస్త్రజ్ఞులకు దాదాపు ముప్పై ఏళ్లు పట్టింది. మధ్యలో వాళ్లు వేసిన తప్పటడుగులు కూడా కథలో భాగమే.

నకలు నుంచి అసలు

హెచ్‌ఐవీకి సొంత ఆస్తి చాలా తక్కువ. దాని జన్యు సమాచారం అంతా కలిపి సుమారు 9,700 అక్షరాలు, తొమ్మిది జన్యువులు. మనిషిది 300 కోట్ల అక్షరాలు. పైగా వైరస్ తన అక్షరాలను డీఎన్‌ఏగా కాదు, ఆర్‌ఎన్‌ఏగా మోసుకొస్తుంది.

ఈ రెంటికీ తేడా దస్తావేజులతో పనిపడ్డ ఎవరికైనా తెలుస్తుంది. కణంలో డీఎన్‌ఏ అసలు దస్తావేజు. లోపలి గదిలో, బీరువాలో ఉంటుంది. ఆ గది పేరే కేంద్రకం. రోజువారీ పనులకు దాన్ని బయటికి తీయరు. కావలసిన ముక్క వరకు నకలు రాసుకుని వాడతారు. ఆ నకలు ఆర్‌ఎన్‌ఏ. అసలు నుంచి నకలు తీయడం లోకంలో ఉన్నదే. హెచ్‌ఐవీ దీన్ని తిరగేస్తుంది. నకలు చేతపట్టుకుని వచ్చి, దాన్ని చూసి ‘అసలు’ పుట్టిస్తుంది. ఈ పని చేసే ఎంజైము రివర్స్ ట్రాన్‌స్క్రిప్టేజ్. తెలుగులో ఎదురురాత ఎంజైము అనుకోవచ్చు. దీన్ని 1970లో హోవర్డ్ టెమిన్, డేవిడ్ బాల్టిమోర్ ఎవరికి వారుగా కనిపెట్టారు. టెమిన్ అంతకు కొన్నేళ్ల ముందు నుంచీ ఇలాంటిదేదో జరుగుతోందని చెబుతున్నా తోటివాళ్లు నమ్మలేదు. 1975లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

దొంగ దస్తావేజు తయారైతే సరిపోదు, బీరువాలోని అసలు కాగితాల మధ్య కుట్టాలి. దానికి ఇంటిగ్రేజ్ అనే ఇంకో ఎంజైము ఉంది. ఒకసారి కుట్టుపడితే అది పరాయి కాగితమని కణానికి తెలియదు. మిగతా పేజీల్లాగే దాన్నీ చదువుతుంది. చదివినప్పుడల్లా వైరస్ ముక్కలు తయారవుతాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. కొన్ని వైరస్‌లు తమ డీఎన్‌ఏను నకలు తీసుకోవడానికి కణం సొంత రాతపరికరాల మీద ఆధారపడతాయి. కణం రెండుగా చీలబోయే ముందే ఆ పరికరాలు పనిలో ఉంటాయి గనుక, ఆ వైరస్‌లు అప్పటిదాకా ఆగాలి. హెచ్‌ఐవీకి ఆ బాధ లేదు, రాసేవాడు వెంటే వస్తాడు. దానికి కణం నుంచి ముఖ్యంగా కావలసినవి రెండు: పేజీ చదవడం, ప్రొటీన్లు వండటం. బతికున్న ఏ కణమైనా ఈ రెండూ చేస్తుంది. కాబట్టి మొదటి చిక్కు వేరే ఉంది. లోపలి గదిలోకి వెళ్లడం ఎలా?

పంపకాల రోజు

కణ విభజనంటే ఆస్తి పంపకాల లాంటిది. దస్తావేజులన్నీ రెండేసి ప్రతులు రాసి, రెండు వాటాలుగా సర్దాలి. మనిషి కణం ఆ సందడిలో కేంద్రకం గోడను పూర్తిగా కూల్చేస్తుంది. పంచుకోవడం అయ్యాక రెండు కొత్త గదులు లేస్తాయి. గోడ లేని ఆ కాసేపట్లో ఎవరు లోపలికొచ్చారు, ఏ కాగితం ఎక్కడ పెట్టారు అని చూసే నాథుడుండడు.

హెచ్‌ఐవీకి దూరపు చుట్టమైన ఎలుకల ల్యుకేమియా వైరస్ సరిగ్గా ఈ అదను కోసమే కాచుక్కూర్చుంటుంది. పంపకాలు లేని ఇంట్లో దాని ఆట సాగదు. కణం విభజన చెందకపోతే ఆ వైరస్ డీఎన్‌ఏ కుట్టుపడదని 1993లో ప్రయోగాల్లో తేలింది.

కాని మన ఒంట్లో పంపకాలు ఎన్ని ఇళ్లల్లో జరుగుతాయి? నాడీకణం ఒకసారి ఏర్పడ్డాక మళ్లీ చీలదు. చెత్తను, క్రిములను మింగేసే మాక్రోఫేజ్ కణాలు చాలావరకు విభజన మానేసినవే. ఇక సీడీ4 పరీక్షలో లెక్కపెట్టే టి కణాల్లో ఏ క్షణాన చూసినా అధిక భాగం విశ్రాంతిలోనే ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద విశ్రాంత టి కణాన్ని చూస్తే రేగిపండు గుర్తొస్తుంది. గింజే పండంత, పైన పల్చటి గుజ్జు. ఆ గింజ కేంద్రకం. ఏ క్రిమీ కనబడనంత కాలం ఆ కణం అలాగే నెలలు, ఏళ్లు గడిపేస్తుంది.

పంపకాల కోసం ఆగని వైరస్‌లు ఉన్నాయని ముందుగా చెప్పినవి గొర్రెలు. 1933లో జర్మనీ నుంచి ఐస్‌లాండ్‌కు తెచ్చిన కారకుల్ గొర్రెల వెంట ఒక జబ్బు వచ్చింది. సోకిన ఏళ్లకు గాని బయటపడేది కాదు. దాన్ని పరిశోధించిన బ్యోర్న్ సిగుర్డ్‌సన్ 1954లో ఇలాంటి జబ్బులకు ‘నెమ్మది అంటువ్యాధులు’ అని పేరు పెట్టాడు. ఆ జబ్బు తెచ్చే విస్నా వైరస్ మాక్రోఫేజ్‌లలో కాపురం పెడుతుంది. లెంటివైరస్ అనే కుటుంబనామం కూడా నెమ్మది అనే అర్థమున్న లాటిన్ మాట నుంచే వచ్చింది. హెచ్‌ఐవీ ఆ కుటుంబంలోదే.

నలుగురు నిందితులు

1992లో అమెరికాలోని సియాటిల్‌లో మైకేల్ ఎమర్‌మన్ బృందం విభజన ఆపేసిన కణాలకు హెచ్‌ఐవీ సోకించి చూసింది. సాఫీగా సోకింది. అంటే గోడ నిలిచి ఉండగానే వైరస్ లోపలికి పోతోంది. అలా పోవడానికి ఉన్న దారి ఒక్కటే, గోడలోని గుమ్మాలు. ఒక్కో కేంద్రకానికి ఇలాంటి ద్వారాలు వేలల్లో ఉంటాయి. చిన్నాచితకా అణువులు వాటి గుండా తమంతట తామే వెళ్తాయి. పెద్ద సరుకైతే హమాలీ మోయాలి. కణంలో అలాంటి హమాలీ ప్రొటీన్లు ఉన్నాయి. సరుకు మీద ‘లోపలికి’ అనే చీటీ ఉంటే, భుజాన వేసుకుని గుమ్మం దాటిస్తాయి.

మరి వైరస్ సరుకు మీద చీటీ అంటించుకున్నదెవరు? వేట మొదలైంది. 1993లో మాట్రిక్స్ అనే వైరస్ ప్రొటీన్‌ను పట్టుకున్నారు. మరుసటేడు వీపీఆర్ అనే ఇంకో వైరస్ ప్రొటీన్ అన్నారు. ఆ తర్వాత కుట్టుపని చేసే ఇంటిగ్రేజ్ మీదికి అనుమానం మళ్లింది. 2000లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థ శాస్త్రజ్ఞులు నాలుగో నిందితుణ్ని చూపించారు. ఎదురురాత పూర్తయ్యేటప్పుడు డీఎన్‌ఏ మధ్యలో ఏర్పడే చిన్న మడత అది. ప్రతి వాదనకూ సాక్ష్యం ఉంది. ప్రతి సాక్ష్యాన్నీ ఇంకెవరో కొట్టేశారు.

చివరికి 2005లో మసాహిరో యమషిత, ఎమర్‌మన్ కలిసి తెగించిన పని ఒకటి చేశారు. ఆ నలుగురి చీటీలనూ ఒకే వైరస్‌లో ఒకేసారి చింపేశారు. చింపినా అది విభజన చెందని కణాల్లోకి వెళ్లగలిగింది! నలుగురూ నిర్దోషులని చెప్పలేం గాని, తాళంచెవి మాత్రం వాళ్ల దగ్గర లేదు.

అది ఎవరి దగ్గరుందో అంతకు ముందేడే ఆ ఇద్దరికీ జాడ దొరికింది. హెచ్‌ఐవీలోని భాగాలు తీసి ఎలుకల వైరస్ భాగాలు పెడుతూ పోయారు. పైగుల్ల మార్చినప్పుడు హెచ్‌ఐవీ తన విద్య మరచిపోయింది. ఎలుకల వైరస్ లాగే పంపకాల రోజు కోసం ఎదురుచూడసాగింది.

ఆ గుల్లను కాప్సిడ్ అంటారు. అప్పటిదాకా దాన్ని ఎవరూ అనుమానించకపోవడానికి కారణం లేకపోలేదు. వైరస్ కణంలో దిగగానే గుల్ల పగిలి, సరుకు బయటపడుతుందని పాఠ్యపుస్తకాలన్నీ రాశాయి. దారిలోనే పగిలిపోయే గుల్లకు గుమ్మంతో పనేమిటి? అదీగాక కొలతలు కుదరలేదు. గుల్ల వెడల్పు 60 నానోమీటర్లు. ద్వారం వెడల్పు 40 నానోమీటర్లని లెక్క. ఏనుగు కిటికీలోంచి దూరిందంటే ఎవరు నమ్ముతారు?

పూసల తెర

గుల్లను కాస్త దగ్గరగా చూడాలి. ఐస్‌క్రీమ్ కోను లాంటి ఆకారం, 120 నానోమీటర్ల పొడవు. ఇలాంటివి ఆరేడు వందలు బారుగా పేర్చితే ఒక తలవెంట్రుక మందం అవుతుంది. ఒకే ప్రొటీన్ ప్రతులు సుమారు 1,500 చేరి ఈ కోను కడతాయి. ఆరేసి కలిస్తే షడ్భుజం, అయిదేసి కలిస్తే పంచభుజం. ఫుట్‌బాల్‌ను కుట్టేది కూడా ఇలాగే. బంతి మీద నల్ల పంచభుజాలు లెక్కపెడితే పన్నెండుంటాయి. కోనులోనూ అవి పన్నెండే. మొన వైపు అయిదు, వెడల్పు వైపు ఏడు. బంతి గుండ్రంగా ఉండటానికీ, ఇది కోనుగా ఉండటానికీ తేడా ఆ సర్దుబాటులో ఉంది.

గుల్ల నిలకడగా ఉండటానికి వైరస్ మన కణంలోని అణువునే వాడుకుంటుంది. దాని పొట్టి పేరు ఐపీ6. తవుడులో, పప్పుధాన్యాల్లో ఉండే ఫైటిక్ ఆమ్లం ఇదే. అలాగని తవుడు తింటే వైరస్ బలపడుతుందని ఎవరూ కంగారుపడక్కర్లేదు. మన కణాలు ఐపీ6ను సొంతంగానే తయారు చేసుకుంటాయి.

కణంలో దిగిన గుల్ల, ఆ కణంలోని పట్టాల్లాంటి సన్నటి నాళికల వెంట కేంద్రకం దాకా వస్తుంది. అక్కడ గుమ్మానికి తలుపు లేదు, పూసల తెర ఉంది. మేడల్లో వరండా గుమ్మాలకు వేలాడదీసే పూసల తెరను తలచుకోండి. ద్వారం లోపలి అంచు నుంచి పొడవైన ప్రొటీన్ దారాలు వందల్లో వేలాడుతుంటాయి. ఒకదానికొకటి అంటుకుంటూ జిగురుజిగురుగా ఉంటాయి. పరాయి సరుకు తగిలితే అవి దారివ్వవు. హమాలీ వస్తే మాత్రం అతని ఒంటికి అంటుకుని, వదిలి, మళ్లీ అంటుకుంటూ చేతులు మార్చి లోపలికి పంపేస్తాయి. హమాలీ ఒంటిమీద ఆ పూసలు పట్టే గుంటలుండటమే రహస్యం.

2024 జనవరిలో ఆస్ట్రేలియాలో ఒక బృందం, జర్మనీలో డిర్క్ గోర్లిష్ బృందం వేరువేరుగా తేల్చిన సంగతి ఇది. హెచ్‌ఐవీ గుల్ల మీద అచ్చం అలాంటి గుంటలే ఉన్నాయి. ఒకటీ రెండూ కాదు, వందల కొద్దీ. ముప్పై ఏళ్లు అందరూ సరుకు మీద చీటీ కోసం వెతికారు. చీటీ లేదు, హమాలీ లేడు. గుల్లే హమాలీ వేషం కట్టింది.

మరి ఏనుగు, కిటికీ లెక్క? అది కొలతలో వచ్చిన పొరపాటు. పాత కొలతలు కణాన్ని చితక్కొట్టి, కేంద్రకపు పొరను విడిగా తీసి చూసినవి. బిగువు పోయిన ద్వారం కుంచించుకుపోతుంది. 2021లో హైడెల్‌బర్గ్‌లో మార్టిన్ బెక్, హాన్స్-గియోర్గ్ క్రాయ్‌స్లిష్ బృందాలు హెచ్‌ఐవీ సోకిన టి కణాలను ఉన్నవి ఉన్నట్టు గడ్డకట్టించి, పల్చటి పొరగా చెక్కి, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో అన్ని కోణాల నుంచీ ఫొటోలు తీశాయి. బతికున్న కణంలో ద్వారం వెడల్పు 64 నానోమీటర్లని తేలింది. కొన్ని ఫొటోల్లో గుమ్మం మధ్యలో కోనులు కూడా దొరికాయి, చెక్కుచెదరకుండా. అంతకు ముందేడే, గుల్ల పగలడం, ఎదురురాత ముగియడం కూడా చాలావరకు కేంద్రకం లోపలేనని మరికొందరు చూపించారు. పాఠ్యపుస్తకాల్లోని ఆ బొమ్మ మార్చక తప్పలేదు.

గుమ్మం దాటాక సీపీఎస్‌ఎఫ్6 అనే మన ప్రొటీన్ గుల్లను పట్టుకుని, పనిలో ఉన్న జన్యువులు గుమిగూడే చోటికి తీసుకెళ్తుంది. ఎవరూ తెరవని పేజీల మధ్య కుట్టుకుంటే దొంగ దస్తావేజుకు లాభం లేదు. హెచ్‌ఐవీ ఎక్కువగా నిత్యం చదివే పేజీల మధ్యే కుట్టుపడుతుంది.

ఖాళీ కొట్టు

గుమ్మం దాటడంతో కష్టాలు తీరలేదు. ఎదురురాతకు సిరా కావాలి. డీఎన్‌ఏ రాయడానికి వాడే నాలుగు రకాల అక్షరాల ముడిసరుకు అది. పంపకాలు జరగబోయే ఇంట్లో కొట్టు నిండా ఉంటుంది. పంపకాలు లేని ఇంట్లో ఎవరు తెచ్చి పెడతారు? మాక్రోఫేజ్‌లో ఈ నిల్వ చురుకైన టి కణంలో కంటే వంద రెట్లకు పైగా తక్కువ. పైగా సామ్‌హెచ్‌డీ1 అనే కాపలాదారు ఒకడు కూర్చుని, ఉన్న కాస్త సరుకునూ ముక్కలు చేసి పారేస్తుంటాడు. హెచ్‌ఐవీకి అడ్డుపడేది అతనేనని 2011లో బయటపడింది.

హెచ్‌ఐవీ ఎదురురాత ఎంజైము కరువులో పెరిగిన బిడ్డ. ఎలుకల వైరస్ ఎంజైము చేతులెత్తేసే చోట కూడా అది చుక్క చుక్క సిరాతో రాసుకుపోతుంది. అదీగాక, మాక్రోఫేజ్‌లలో కొన్ని అప్పుడప్పుడూ విభజనకు సిద్ధపడుతున్నట్టు కాస్త కదిలి, చీలకుండానే మళ్లీ వెనక్కి తగ్గుతాయి. ఆ కొద్దిసేపు కాపలాదారు కునుకుతీస్తాడు.

పశ్చిమ ఆఫ్రికాలో ఎక్కువగా కనిపించే హెచ్‌ఐవీ-2 దగ్గరైతే ఈ కాపలాదారును నేరుగా మట్టుబెట్టే ఆయుధమే ఉంది, వీపీఎక్స్ అనే ప్రొటీన్. హెచ్‌ఐవీ-1కు అది లేదు. చిత్రమేమిటంటే ప్రపంచాన్ని వణికించింది ఆయుధం లేనిది. ఆయుధమున్నది తెచ్చేది చాలా మందకొడిగా సాగే జబ్బు.

పూర్తి విశ్రాంతిలో ఉన్న టి కణంలో మాత్రం హెచ్‌ఐవీ-1 కూడా తరచూ తడబడుతుంది. రాత సగంలో ఆగిపోతుంది. ‘విభజన చెందని కణాల్లో హెచ్‌ఐవీ పెరుగుతుంది’ అని ఒక్క ముక్కలో చెప్పేసేవాళ్లు ఈ తేడాను దాటేస్తుంటారు. గుమ్మం అడ్డం కాకపోవచ్చు, కొట్టు మాత్రం ఇప్పటికీ అడ్డమే.

గుల్ల మీద గురి

గుల్ల ఇన్ని పనులు చేస్తుందని తెలిశాక దాన్నే కొట్టే మందు రావడంలో ఆశ్చర్యం లేదు. లెనకాపవిర్ అనే ఆ మందు, సీపీఎస్‌ఎఫ్6 పట్టుకునే గుంటలోనే కూర్చుంటుంది. గుల్ల సహజమైన సాగుడు పోయి, బిరుసెక్కి, వేళ కాని వేళ పగులుతుంది. కొత్త గుల్లలు కూడా వంకర టింకరగా తయారవుతాయి. ఆరు నెలలకోసారి పొట్ట చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తే చాలు. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో జరిగిన నివారణ ప్రయోగంలో ఈ ఇంజెక్షన్ తీసుకున్న 2,134 మంది యువతుల్లో ఒక్కరికీ హెచ్‌ఐవీ సోకలేదు. 2025లో అమెరికా దీన్ని నివారణకు అనుమతించింది. అక్కడ ఏడాది ఖర్చు 28 వేల డాలర్ల పైమాటే. తక్కువ, మధ్య ఆదాయపు దేశాల కోసం దాన్ని 2027 నుంచి ఏడాదికి 40 డాలర్ల లెక్కన తయారు చేసివ్వడానికి ఒప్పుకున్న కంపెనీలు రెండూ హైదరాబాద్‌వే: డాక్టర్ రెడ్డీస్, హెటెరో.

వైరస్ విద్యను మంచికి వాడుకున్నవాళ్లూ ఉన్నారు. 1996లో కాలిఫోర్నియాలోని సాల్క్ సంస్థలో లుయిజీ నాల్దీనీ, ఇందర్ వర్మ, డిడియే ట్రోనో బృందం హెచ్‌ఐవీలో జబ్బు తెచ్చే జన్యువులను పీకేసి, ఖాళీ వాహనంలో కొత్త జన్యువు పెట్టి, ఎలుక మెదడులోని నాడీకణాల్లోకి పంపింది. ఎన్నడూ చీలని కణాలవి. వెల్లూరు సీఎంసీలో హిమోఫిలియా రోగుల మూలకణాల్లోకి రక్తాన్ని గడ్డకట్టించే ప్రొటీన్ జన్యువును చేర్చింది ఇలాంటి వాహనమే. అయిదుగురి ఫలితాలు 2024లో వెలువడ్డాయి.

రక్తంలో లేదు, ఒంట్లో ఉంది

ఇక కిటికీ దగ్గరి ప్రశ్న. మన కేంద్రాల్లో ఇచ్చే టీఎల్‌డీ బిళ్లలో మూడు మందులుంటాయి. టెనోఫోవిర్, లామివుడిన్ ఎదురురాతను ఆపుతాయి. డోలుటెగ్రావిర్ కుట్టుపనిని ఆపుతుంది. మూడూ కొత్త ఇంట్లో దొంగ దస్తావేజు చేరకుండా చూసేవే. ఇదివరకే కుట్టుపడ్డ పేజీ జోలికి ఏదీ పోదు. లెనకాపవిర్ కూడా అంతే.

వైరస్ సోకిన చురుకైన టి కణం సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. కొద్ది కణాలు మాత్రం చావకుండా, పని ముగించుకుని విశ్రాంతిలోకి జారుకుంటాయి. పాత శత్రువును గుర్తుపెట్టుకోవడానికి దేహం దాచుకునే జ్ఞాపక కణాలవి. కణం నిద్రపోతే పేజీ చదివేవారుండరు. చదవకపోతే వైరస్ ప్రొటీన్ పుట్టదు. ప్రొటీన్ లేకపోతే రోగనిరోధక వ్యవస్థ కంటపడదు, రక్తపరీక్షకూ దొరకదు. నిద్రలేపితే వైరస్‌ను పుట్టించగల కణాలు పదిలక్షల విశ్రాంత సీడీ4 కణాల్లో సుమారు ఒకటి. జాన్స్ హాప్‌కిన్స్‌లో రాబర్ట్ సిలిషియానో బృందం లెక్క ప్రకారం ఈ నిల్వ సగానికి తగ్గడానికి 44 నెలలు పడుతుంది. మందులతోనే అది పూర్తిగా అరిగిపోవాలంటే 73 ఏళ్లకు పైగా వాడాలి.

ఆ లెక్క చూసినవాళ్లకు ఒక అనుమానం వచ్చింది. ఇంత నెమ్మదిగా ఎందుకు తగ్గుతోంది? 2014లో వేరువేరు బృందాలు రోగుల కణాలు తీసి, వైరస్ ఏ పేజీ దగ్గర కుట్టుపడిందో అక్షరం అక్షరం చదివాయి. 300 కోట్ల అక్షరాల పుస్తకంలో రెండు కుట్లు సరిగ్గా ఒకే చోట పడటం దాదాపు అసాధ్యం. అయినా ఎన్నో కణాల్లో కుట్టు అచ్చం ఒకే అక్షరం దగ్గరుంది. అవన్నీ ఒకే తల్లికణం పిల్లలు. ఎప్పుడో జలుబో జ్వరమో వచ్చినప్పుడు ఆ జ్ఞాపక కణం మేలుకుని, తన పద్ధతిలో తాను రెండై, నాలుగై, మళ్లీ పడుకుంది. పంపకాల కోసం ఆగకుండా లోపలికొచ్చిన దొంగ దస్తావేజు, తీరా ఆ ఇంట్లో పంపకాలు జరిగినప్పుడు అసలు కాగితాలతో పాటు రెండు వాటాల్లోకీ నకలు అయిపోయింది. అందులో ఎదురురాతా లేదు, కొత్త కుట్టూ లేదు. రాసింది కణం సొంత ఎంజైములే. బిళ్లలోని మూడు మందులకూ అక్కడ ఆపడానికి ఏమీ మిగల్లేదు.